పగడాల పంచాయితీ

మా నారాయణఖేడ్ నుంచి రోడ్డు పట్టుకుని ఏ దిక్కు పోయినా నాలుగు వందల కిలోమీటర్లు దాటితే గానీ సముద్రం కనపడదు. బీదర్ దగ్గర, మంజీర దగ్గర, సింగూరు నీళ్లు దగ్గర. సముద్రం మాత్రం సినిమాల్లో చూడాల్సిందే. అటువంటి ఊళ్లో ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి నేను. నిడేరియా వర్గం పాఠం వచ్చినప్పుడల్లా "పగడాలు కదలలేని జంతువులు, గుంపులుగా కలిసి జీవిస్తాయి" అని బోర్డు మీద రాసేవాణ్ణి.

ఓసారి వెనక బెంచీలో పిల్లవాడొకడు లేచి, "సార్, అంత దగ్గర దగ్గర ఉంటే కొట్లాడుకోవా?" అని అడిగాడు.

"కదలనివి ఎట్ల కొట్లాడుతయిరా, కూసో" అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడు తల దించుకుని కూర్చున్నాడు.

వాడు అడిగింది సరైన ప్రశ్న అని తెలియడానికి నాకు రిటైర్ అయ్యాక అమెరికా దాకా పోవాల్సి వచ్చింది.

మా పెద్దోడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. అక్కడ ఏ వీధిలో నడిచినా నలుగురు తెలుగువాళ్లు ఎదురవుతారు. మొన్న చలికాలం నేనూ మా ఇంటావిడా ఆరు నెలలుందామని పోయాం. వాడి ఇంట్లో హాలు మధ్యలో నాలుగు వందల లీటర్ల గాజు తొట్టి. అందులో ఉప్పునీళ్లు, నీలం వెలుగు, రెండు మూడు చేపలు, మిగతా అంతా పగడాలు. పుస్తకంలో బొమ్మలు చూపించి బతికినవాణ్ణి, అరవై రెండేళ్లకు మొదటిసారి బతికున్న పగడం చూశాను. మొదటి రోజు కుర్చీ వేసుకుని తొట్టి ముందే కూర్చున్నాను. మనవరాలు చిన్ని పక్కన నిలబడి ఒక్కొక్క దాని పేరు చెప్పింది.

ఎడమ చేతి రాయి మీద గట్టివి. వీటినే స్టోనీ కోరల్స్ అంటారు. జింక కొమ్ముల్లాగా పెరిగిన అక్రోపోరా, దాని కింద వేళ్లు ఊపుతున్నట్టుండే టార్చ్ కోరల్. కుడి చేతి రాయి మీద మెత్తవి, సాఫ్ట్ కోరల్స్. పెద్ద పుట్టగొడుగు లాంటి సార్కోఫైటన్, పక్కన సైనులేరియా. రెండు రాళ్ల మధ్య మూరెడు ఇసుక ఖాళీగా ఉంది.

"ఇంత జాగా ఊకనే ఇడిచిపెట్టినవేందిరా?" అని అడిగాను.

"ఉండనీ నాయినా. అది అట్లనే ఉండాలె" అన్నాడు. అంతకన్నా చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. మేం పోయిన రెండో వారమే వాడు పొలం సంగతి ఎత్తాడు. ఊరవతల మాకు నాలుగెకరాల నల్లరేగడి ఉంది. మా నాయిన జొన్న, కంది, పెసర వేసిన చేను. కౌలుకు తీసుకున్నతను మానుకున్నాడు, ఆ ఏడు బీడుగా పడింది. "చూసేటోళ్లు లేరు, అమ్మేద్దాం" అన్నాడు మావాడు. "నేను బతికుండంగ కాదు" అన్నాను నేను. గట్టిగా అరుచుకోలేదు. అరుచుకుంటే తెల్లారేసరికి తేలిపోయేదేమో. ఆ రోజు నుంచి మా మధ్య మాటలు అన్నం తిన్నావా, మందులేసుకున్నావా దగ్గర ఆగిపోయాయి. చలికి తలుపులు, కిటికీలు అన్నీ మూసిన ఇల్లు. ఊళ్లో అయితే అలిగినవాడు అరుగు మీదికి పోతాడు, చౌరస్తాలో చాయ తాగి వస్తాడు. అక్కడ ఎటు పోతాం?

డిసెంబరులో వాడు ఆఫీసు పని మీద మూడు వారాలు హైదరాబాద్ బయల్దేరాడు. ఊరికి కూడా పోయి వస్తానన్నాడు. చేను ఎవరికో చూపించడానికే పోతున్నాడని నాకు లోపల అనుమానం. పోతూ పోతూ తొట్టి బాధ్యత నాకు అప్పజెప్పాడు.

"నాయినా, ఏం జరపకు, ఏం ముట్టకు. ఆదివారం ఆదివారం కార్బన్ సంచి కొత్తది పెట్టు. నలభై లీటర్ల నీళ్లు మార్చు. అంతే."

మూడు పనులు చెప్పాడు. మూడింటిలోనూ నేను తప్పాను.

వాడు పోయిన మూడో రోజు సార్కోఫైటన్ ముడుచుకుపోయింది. పూలలాంటి నోళ్లన్నీ లోపలికి లాక్కుని, పైన మైనం పూసినట్టు ఒక పొర కట్టింది. చచ్చిపోతోందని భయపడ్డాను. వెలుతురు సరిపోలేదేమోనని చెయ్యి పెట్టి, దాన్ని రాయితో సహా తీసి, పైన వెలుతురు బాగా పడే చోట పెట్టాను. ఆ చోటు అక్రోపోరాకు నాలుగు వేళ్ల దూరం. తాకడం లేదు కదా అనుకున్నాను. నిజానికి ఆ జాతికి అది మామూలే. కొన్ని వారాలకోసారి పాము కుబుసం విడిచినట్టు పైపొర వదిలి శుభ్రపడుతుంది. ఇంత సైన్సు చెప్పిన నాకు అది తెలియదు.

ఆదివారం వచ్చింది. కార్బన్ సంచి తీసి చూశాను. నల్లగా, గట్టిగా, కొత్తదానిలాగే ఉంది. పారేయడానికి చేతులు రాలేదు. కుళాయి కింద కడిగి మళ్లీ అదే పెట్టాను. కొత్త ప్యాకెట్ డబ్బులు మిగిలాయని సంతోషపడ్డాను కూడా. ఇక నీళ్లు. లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున ఉప్పు కలపాలి, నలభై లీటర్లు మోయాలి. "నడుం పట్టుకుంటే ఇక్కడ ఎవరు తోముతరు? వచ్చేవారం చూద్దురు తీ" అంది మా ఆవిడ. సరే అన్నాను.

పదో రోజు పొద్దున్నే చిన్ని పిలిచింది. "తాతా, అక్రోపోరా కాళ్లు తెల్లగైనయ్."

నిజమే. మొదలు దగ్గర నుంచి రెండంగుళాలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. భూతద్దం పెట్టి చూశాను. పగడం తెల్లబడటం రెండు రకాలు. నీళ్లు వేడెక్కితే దాని ఒంట్లో ఉండి తిండి పెట్టే సూక్ష్మ శైవలాలు బయటికి పోతాయి. అప్పుడు రంగు పోతుంది, కానీ ప్రాణం ఉంటుంది, తేరుకునే అవకాశం ఉంటుంది. దీన్నే బ్లీచింగ్ అంటారు. 1998లో మన లక్షద్వీప్ పగడపు దిబ్బలను దెబ్బతీసింది అదే. ఇక్కడ అది కాదు. ఇక్కడ చర్మమే ఊడిపోయి కింది సున్నపురాయి ఎముక బయటపడింది. ఊడిన చోట ఒక్క జీవి లేదు. వేడి చూశాను, 26 డిగ్రీలు. ఉప్పు సరిగ్గానే ఉంది. చిన్ని పరీక్ష గొట్టంతో క్యాల్షియం చూసింది, 420. అన్నీ బాగున్నాయి. పగడం మాత్రం చచ్చిపోతోంది.

ఆ అక్రోపోరాను చిన్ని ఐదో పుట్టినరోజుకు వాడు తెచ్చాడట. అప్పుడు చిటికెన వేలంత. ఐదేళ్లు పెంచారు. ఆ పిల్ల నన్నేమీ అనలేదు. "నాన్నకు చెప్దామా?" అని మాత్రం అడిగింది. నేనే "రెండు రోజులు చూద్దాం" అన్నాను. వాడి ముందు తప్పు ఒప్పుకోవడం నాకు కష్టంగా ఉండింది. నిజం అది.

ఆ రెండు రోజులూ తాతా మనవరాలూ కూర్చుని చదివాం. నా ముప్పై ఏళ్ల పాఠంలో లేనిదంతా అక్కడ ఉంది.

గట్టి పగడాలు దగ్గరికొచ్చినవాణ్ణి కొడతాయి. రాత్రి పూట కొన్ని జాతులు మామూలు స్పర్శకాల కన్నా ఎన్నో రెట్లు పొడవైన స్పర్శకాలు చాచి పక్కదాన్ని కుడతాయి. గెలాక్సియా అనే దానికి అవి జానెడు దాకా సాగుతాయి. ఇంకొన్ని తమ కడుపులోని దారాలను బయటికి వదిలి, పక్క పగడాన్ని ఉన్నచోటనే జీర్ణం చేసుకుంటాయి. జుడిత్ లాంగ్ అనే శాస్త్రవేత్త జమైకా పగడాల మీద పనిచేసి 1970ల మొదట్లో దీన్ని వివరించింది. ఏ జాతి ఏ జాతిని ఓడిస్తుందో వరుస కూడా కట్టింది.

మెత్తవాటికి సున్నపు ఎముక లేదు, కుట్టే బలం తక్కువ. గట్టివాటి స్పర్శకాలు ఆరు లేదా ఆరు గుణిజాల్లో ఉంటే, వీటివి సరిగ్గా ఎనిమిది, ఈకల్లాగా చీలి ఉంటాయి. వీటి బలమంతా రసాయనాల్లో ఉంది. టెర్పీన్లనే పదార్థాలు తయారు చేసుకుంటాయి. మన కర్పూరం, నీలగిరి తైలం కూడా టెర్పీన్ల కుటుంబమే. కొరకబోయే చేపలకు వాటితోనే బుద్ధి చెబుతాయి, పక్కన పెరిగే పగడాలను వాటితోనే అణుస్తాయి. 1980ల మొదట్లో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో పాల్ సమ్మార్కో, జాన్ కాల్ బృందం మెత్తవాటిని తెచ్చి గట్టివాటి పక్కన పెట్టి చూసింది. తాకించకుండా పెట్టిన చోట కూడా కొన్ని గట్టి పగడాల కణజాలం చచ్చింది.

తాకకుండానే! నాలుగు వేళ్ల దూరం చాలనుకున్న నాకు అక్కడ గుండె కలుక్కుమంది.

ఈ సార్కోఫైటన్ రసాయనాల గురించి వెతుకుతుంటే తీగ విశాఖపట్నం దాకా పోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆర్గానిక్ కెమిస్ట్రీ విభాగంలో ఎ.ఎస్.ఆర్. ఆంజనేయులు గారి బృందం అండమాన్ నికోబార్ తీరాల మెత్తని పగడాల నుంచి ఎన్నో టెర్పీన్లను వేరు చేసింది. ఆయనా, జి.వి. రావు గారూ కలిసి 1997లో ఒక్క సార్కోఫైటన్ ప్రజాతి రసాయనాల మీదే సమీక్షా వ్యాసం రాశారు. నేను బోర్డు మీద "కలిసి జీవిస్తాయి" అని రాస్తున్న ఏళ్లలోనే మన తెలుగువాళ్లు వాటి విషాల లెక్క తేలుస్తున్నారు. చిన్నికి ఆ పేర్లు చూపించి గర్వపడ్డాను. లోపల సిగ్గుపడ్డాను కూడా.

మరో సంగతి మా ఆవిడకు నచ్చింది. మంగళసూత్రంలో గుచ్చుకునే ఎర్ర పగడం చూడటానికి రాయే. కానీ అది పుట్టింది గట్టి పగడాల వంశంలో కాదు. ఎనిమిది స్పర్శకాలవాళ్ల వంశం, అంటే మెత్తవాటి చుట్టం. "నా మెడల ఉన్నది మెత్తదా?" అని పూస పట్టుకుని చూసుకుంది.

సముద్రంలోనూ ఈ కొట్లాట ఉంది. కానీ అక్కడ అలలు, ప్రవాహాలు వదిలిన విషాన్ని ఎప్పటికప్పుడు పలచన చేస్తాయి. గాజు తొట్టిలో అవే నీళ్లు తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి. ఒకటి వదిలింది ఇంకోటి తాగాల్సిందే. అందుకే కార్బన్ సంచి. కొబ్బరి చిప్పలు కాల్చి కూడా చేసే బొగ్గే అది. దాని సన్నటి రంధ్రాలు ఈ రసాయనాలను పట్టి ఉంచుతాయి. నిండాక ఇంకేమీ పట్టదు. కుళాయి కింద కడిగితే ఆ రంధ్రాలు ఖాళీ కావు. అందుకే నీళ్లు మార్చడం, అందుకే మధ్యలో మూరెడు ఇసుక. మావాడు చెప్పిన మూడు పనులూ ఒకే పని కోసం.

పన్నెండో రోజు రాత్రి తొమ్మిదికి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున ఎనిమిదిన్నర.

"తప్పయిందిరా. మెత్తదాన్ని జరిపిన. కార్బన్ మార్చలే. నీళ్లూ మార్చలే. చిన్ని కొమ్మ పోతున్నది" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. తిడతాడనుకున్నాను.

"ఎంత వరకు పోయింది?"

"సగం దాటింది."

"కొనలు రంగుమీదున్నయా? అయితే కొనలు కత్తిరించు నాయినా. చచ్చినకాడ కాదు, బతికున్నకాడ, రెండంగుళాల పైన. కటింగ్ ప్లేయర్ కింది సొరుగుల ఉంటది. సూపర్ గ్లూ జెల్ పెట్టి చిన్న రాయికి అంటించు. పంపు నీళ్లు ముందుగాల తగిలే మూలకు పెట్టు. మెత్తదాన్ని దాని జాగల దాన్ని పెట్టు. కొత్త కార్బన్. ఇయ్యాల నలభై, రేపు నలభై లీటర్లు మార్చు." కాస్త ఆగి, "నేను ఇప్పుడు మన చేన్ల ఉన్న" అన్నాడు.

నా గొంతు ఆరిపోయింది. "ఎవరికన్నా చూపిస్తున్నవా?"

"లేదు. చూడనీకె వచ్చిన."

ఫోటో పంపాడు. చేను చేనులా లేదు. మొత్తం వయ్యారిభామ. నడుం ఎత్తు, తెల్ల పూత. మా దగ్గర కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. అది మొలిచిన చోట ఇంకో మొక్క లేవదు. అది కూడా వేళ్ల నుంచి, రాలిన ఆకుల నుంచి పార్థెనిన్ అనే పదార్థాన్ని మట్టిలోకి వదిలి పక్క మొక్కలను మొలవనివ్వదు. ఆ పార్థెనిన్ ఏ కుటుంబమో తెలుసా? టెర్పీన్ల కుటుంబమే. ఇది క్లాసులో చెప్పినవాణ్ణే నేను. జొన్న వేళ్లు కూడా ఒక రసాయనం వదిలి చుట్టూ కలుపును అణుస్తాయని, అందుకే పంట మార్చి వేయాలని కూడా చెప్పాను. మట్టిలో జరిగేది తెలిసి కూడా నీళ్లలో జరగదనుకున్నాను.

"ఒట్టి చేతులతోని పీకకు. దురద లేస్తది, దద్దుర్లు వస్తయి. గ్లౌజులేసుకో. మనుషులను పెట్టి వేళ్లతో సహా తీయించు. విత్తనం రాలితే వచ్చే ఏడు మళ్ల ఇంతే" అన్నాను.

"సరే. నా తొట్టి నువ్వు చూస్కో, నీ చేను నేను చూస్కుంట" అన్నాడు. రెండు నెలల తర్వాత మేం మాట్లాడుకున్న నిజమైన మాటలు అవి.

ఆ రాత్రి కోడలు టార్చి లైటు పట్టింది. "మామయ్యా, మీ చెయ్యి వణుకుతుంది, నేను కత్తిరించనా?" అంది. "వద్దమ్మా, పాడు చేసింది నేను" అన్నాను. ఐదు కొనలు కత్తిరించాం. చిన్ని రాళ్లకు అంటించింది. రెండు రోజులు నేనూ కోడలూ బకెట్లు మోశాం. పెద్ద కొమ్మ వారంలో పూర్తిగా తెల్లబడిపోయింది. ఐదు కొనల్లో రెండు పోయాయి, మూడు నిలబడ్డాయి. సార్కోఫైటన్ మాత్రం పొర విడిచి, తన చోట్లో తాను నోళ్లన్నీ తెరుచుకుని హాయిగా ఊగుతోంది. దాని మీద కోపం రాలేదు. అది దాని స్వభావం. దగ్గరికి తెచ్చి పెట్టింది నేను.

వాడు తిరిగొచ్చాక తెల్ల కొమ్మను చాలాసేపు చూశాడు. బయటికి తీసి కడిగి అరలో పెట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నేనే, "ఊళ్లో కూడా ఇట్లాంటి తొట్టి పెట్టుకుంటే బాగుండు" అని మాట కలిపాను. "మన దగ్గర కుదరదు నాయినా" అన్నాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి పగడాలన్నిటినీ 2001లో మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ. సముద్రం నుంచి తీయడం, కొనడం, అమ్మడం నేరం. వాడి తొట్టిలోవి అక్కడ తొట్లలోనే కొమ్మలు కత్తిరించి పెంచినవట. ఎవరైనా చదివి ముచ్చటపడి హైదరాబాద్‌లో వెతుకుతారేమోనని ఈ సంగతి కూడా రాస్తున్నాను.

చేను సంగతి ఆ తర్వాత ఒక్కసారే వచ్చింది. ఈసారి బయట నడుస్తూ మాట్లాడుకున్నాం. అమ్మాలా వద్దా అన్నది తేలలేదు. ఈ ఏడు కౌలుకు ఇద్దామని, వచ్చే ఏడు మళ్లీ కూర్చుని మాట్లాడదామని అనుకున్నాం. ఆరు నెలలు ఉండాల్సినవాళ్లం నాలుగు నెలలకే తిరిగొచ్చాం. అలిగి కాదు. వానాకాలం పంటకు ముందు కలుపు తీయించాల్సి ఉండింది.

ఇప్పుడు చేన్లో కంది మధ్య జొన్న లేచింది. గట్టు మీద వయ్యారిభామ మళ్లీ తొంగి చూస్తూనే ఉంది, పూత రాకముందే పీకిస్తున్నాను. ఆదివారం ఆదివారం నేను చేను ఫోటో పంపుతాను, చిన్ని మూడు కొమ్మల ఫోటో పంపుతుంది. ఒకటి బొటనవేలంత అయింది, కొత్తగా రెండు పిలకలు వేసింది.

ఆనాడు ప్రశ్న అడిగిన పిల్లవాడు ఇప్పుడు మా ఊళ్లోనే విత్తనాల దుకాణం నడుపుతున్నాడు. మొన్న కంది విత్తనాలకు పోయినప్పుడు చెప్పాను.

"కొట్లాడుతయిరా. కదలకుండనే కొట్లాడుతయి. నువ్వన్నదే నిజం."

వాడికి ఏం గుర్తులేదు. "ఏంది సార్, ఏవి?" అన్నాడు. కుర్చీ వేశాడు, చాయ తెప్పించాడు. మొదటి నుంచి చెప్పాను. అంతా విని, "మరి రెండిటినీ ఒక్క తొట్టిల ఎట్ల పెట్టిండు సార్ మీవోడు?" అని అడిగాడు.

ఈసారి కూసోమనలేదు. జాగా ఎంత వదిలాడో చేతులు చాపి చూపించాను.